బావగారి వెనక, రువైస్ దాకా

నేను ఖతార్ నుంచి పంపిన ఫోటోలు తణుకు సైకిల్ మిత్రులందరూ చూశారు. ఫోటోలకన్నా ముందు ఫోన్ యాప్‌లో నా వేగం చూశారు. "ఎడారి ఎదురుగాలిలో రోజంతా తొక్కి చివర్లో అంత వేగమా! మనిషివా, ఇంజనువా?" అని డాక్టరుగారు గ్రూపులో రాశారు. తిరిగొచ్చిన వారం వేల్పూరు రోడ్డులో టీ కొట్టు దగ్గర నాకు శాలువా కూడా కప్పారు. ఆ శాలువా తెచ్చి బీరువాలో అన్నిటికన్నా అడుగున పెట్టాను. "అదేంటి, గోడకి మేకు కొట్టి తగిలిస్తారనుకున్నానే" అంది మా ఆవిడ.

ఖతార్ ఎలా ఉంటుందో రాయమని అందరూ అడుగుతున్నారు. రాస్తాను. రోడ్లు, టీ, గాలి, మనుషులు, అన్నీ రాస్తాను. కానీ ఆ వేగం ఎలా వచ్చిందో చెప్పకుండా ఆ దారి గురించి చెప్పడం నావల్ల కావడం లేదు. శాలువా కప్పినవాళ్ళు కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవాలి.

మదీనత్ ఖలీఫా

మా అక్క కరుణ దోహాలో ఒక క్లినిక్‌లో నర్సు. బావగారు ప్రభుదాస్ ఒక కంపెనీలో లెక్కలు చూస్తారు. మదీనత్ ఖలీఫా అనే పేటలో పెద్ద విల్లాని వాటాలుగా విడగొట్టి అద్దెకిచ్చిన చోట ఒక వాటాలో ఉంటారు. పక్క వాటాలో కేరళవాళ్ళు, వెనక వాటాలో ఫిలిప్పీన్స్ వాళ్ళు. పొద్దున్నే మూడు రకాల తాలింపు వాసనలు ఒకే వసారాలోకి వస్తాయి. మన వీధుల్లోలాగే గిన్నెలు అటూ ఇటూ తిరుగుతాయి కూడా, కాకపోతే పుచ్చుకునేవాళ్ళకి కూర పేరు పలకడం రాదు.

నా గురించి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నాది మందుల షాపు. సైకిల్ నా పిచ్చి. తెల్లవారకముందే లేచి కాలవగట్టు వెంట అత్తిలి దాకా పోయి, గడ్డి ట్రాక్టర్లు రోడ్డెక్కకముందే తిరిగొచ్చి, షాపు తెరుస్తాను. అన్నం తూచుకుని తింటాను. పంచదార మానేసి చాలా కాలమైంది. పెళ్ళిళ్ళలో నన్ను బంతిలో కూర్చోబెట్టడానికి చుట్టాలు భయపడతారు. ఇదంతా గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

దోహా విమానాశ్రయంలోనే నా గొప్ప కాస్త తగ్గింది. పెట్టెలో నా ప్రొటీన్ పొడి కవరు దొరికింది. డబ్బా బరువని కవరులో పోసుకొచ్చాను. తెల్లపొడి, పక్కనే చిన్న తూకం మెషీను. ఎవరికైనా ఏమనిపిస్తుంది? అధికారి ఆ పొడినీ నన్నూ మార్చిమార్చి చూశాడు. నేను కండ బిగించి చూపించి, సైకిల్ తొక్కినట్టు కాళ్ళాడించి, చివరికి ఒక చెంచా నోట్లో పోసుకుని చూపించాను. ఆయన నవ్వాపుకుంటూ "యల్లా, యల్లా", అంటే పద పద, అని పంపేశాడు. నోట్లో అంటుకున్న పొడితో నోరు పెగలక, బయట నిలబడ్డ అక్కని సరిగ్గా పలకరించలేకపోయాను.

అక్క నాకోసం రొయ్యల ఇగురు, కోడి పలావు, చింతకాయ పచ్చడి చేసి ఉంచింది. నేను తూకం మెషీను తీసి బల్లమీద పెట్టి, ఉడకబెట్టిన కోడిముక్క ఉందా అనడిగాను.

"నీ మొహం మండా! ఇదేమన్నా కాటా కొట్టా?" అంది అక్క.

"ఊరుకో కరుణా, వాడు ఆటగాడు. మనలా తింటే ఎలా?" అన్నారు బావగారు. అని ఆ పలావు తానూ పక్కకి నెట్టి, నాతోపాటు ఉడికించిన కూరగాయలే తిన్నారు.

బావగారికి యాభై దాటింది. షుగరుంది. రెండేళ్ళ క్రితం డాక్టరు గట్టిగా భయపెడితే సెకండ్‌హ్యాండ్ రేసు సైకిల్ ఒకటి కొన్నారు. సీటు ఎంత ఎత్తుండాలి, ఎక్కేముందు ఏం తినాలి, గేరు ఎప్పుడు మార్చాలి, అన్నీ వీడియో కాల్‌లో నేనే నేర్పాను. నన్ను అందరికీ "మా గురువు" అని పరిచయం చేస్తారు. నాకది బాగానే ఉండేది. ఆయన ఎప్పుడూ ఒంటరిగానే తొక్కారు, డ్యూటీకి వెళ్ళేముందు ఇంటి చుట్టుపక్కల వీధుల్లో.

"ఆయన మొదలెట్టి వదిలెయ్యని పని ఇదొక్కటేరా" అంది అక్క, ఆయన లేనప్పుడు. "గిటారన్నారు, యోగా అన్నారు, అరబిక్ అన్నారు. అన్నీ మూడు రోజుల ముచ్చటే. ఈ సైకిల్ పట్టుకున్నాక షుగరు దిగింది, మనిషి మారాడు. దేశం చివర రువైస్ దాకా సొంత కాళ్ళమీద వెళ్తానని చర్చిలో అందరికీ చెప్పేశారు. నువ్వు పక్కనుంటావనే ధైర్యం. జాగ్రత్తగా తీసుకెళ్ళరా."

తీసుకెళ్తానని మాటిచ్చాను.

సైకిళ్ళ దారి

బుధవారం పొద్దున్న బయల్దేరాం. నాకు బాడుగ సైకిల్ దొరికింది. గేటు దగ్గర బావగారు హెల్మెట్ తీసి ప్రార్థన చేశారు. "తండ్రీ, మా బావమరిదికి ఈ దారి కొత్త. వాడికి ఏ హానీ రానియ్యకు" అన్నారు. తన గురించి ఏమీ అడగలేదు.

దోహా దాటాక అల్ ఖోర్ వైపు సైకిళ్ళకే వేసిన దారి ఉంది. ఆ దారి చూసి నాకు కన్నీళ్ళొచ్చినంత పనైంది. గొయ్యి లేదు, గేదె లేదు, ఆరబోసిన ధాన్యం లేదు. మన రోడ్లమీద ఒక కన్ను గోతుల మీదా ఒక కన్ను లారీల మీదా పెట్టి తొక్కేవాడికి, రెండు కళ్ళకీ పని లేకపోతే ఎలా ఉంటుందో అక్కడ తెలిసింది. లేనిదొక్కటే, నీడ.

ఉన్నది గాలి. చలికాలంలో ఉత్తరం నుంచి కొడుతుంది. షమాల్ అంటారక్కడ. మేం వెళ్ళేదీ ఉత్తరానికే. ఊరు దాటగానే ఎవరో గుండెమీద చెయ్యి పెట్టి వెనక్కి నెడుతున్నట్టు ఉంది.

"నువ్వు నా వెనకుండు" అన్నారు బావగారు. "చుట్టంగా వచ్చావు. దారి నాకు తెలుసు. ఏదన్నా అడ్డమొస్తే ముందు నేను చూస్తాను."

మన గోదావరి జిల్లాల మర్యాద మీకు తెలుసు. చుట్టాన్ని ముందు కూర్చోబెట్టి తాను ఆఖర్న తినే మనిషి, రోడ్డుమీద మాత్రం తానే ముందుంటాడు. సైకిల్ మర్యాద దీనికి పూర్తిగా తలకిందులు. ఎదురుగాలిలో ముందున్నవాడు గాలినంతా తన ఒంటిమీద కాస్తాడు. వాడి చక్రానికి అతుక్కుని వెనక వెళ్ళేవాడికి కష్టంలో చాలా భాగం తప్పిపోతుంది. అందుకే జతగా తొక్కేవాళ్ళు వంతులు వేసుకుంటారు. ఒకడు బలమైనవాడు, ఒకడు బలహీనుడు అయితే బలమైనవాడే ముందుంటాడు. ఇది సైకిల్ తొక్కే ప్రతివాడికీ తెలుసు. ఒంటరిగా తొక్కిన బావగారికి తెలియదు. గురువుగారు ఎప్పుడూ చెప్పలేదు.

నేను ఆయన చక్రం వెనక్కి చేరగానే గాలి ఆగిపోయింది. కారు అద్దం ఎత్తినట్టు అంత హాయిగా ఉంది. చెప్పాలనే అనుకున్నాను. ముందు కాసేపు ఊపిరి తీసుకుని చెబుదామనుకున్నాను. తర్వాత ఆయన ఉత్సాహం చూసి, పాడుచెయ్యడం ఎందుకనుకున్నాను. ఆ తర్వాత నా శిక్షణ గుర్తొచ్చింది. నేను మన దగ్గర జరిగే పెద్ద దూరం రైడుకి సిద్ధమవుతున్నాను. పొడుగు ప్రయాణాల్లో చివరి గంట పూర్తి బలంతో తొక్కాలి. దానికి కాళ్ళు మిగలాలి. పైగా యాప్‌లో తణుకు మొత్తం చూస్తుంది. యాప్‌కి నేను ఎవరి వెనకున్నానో తెలియదు.

దారిలో ఒక గుంపు మమ్మల్ని దాటి పోయింది. పదిమందీ ఒకరి చక్రం వెనక ఒకరు, గీత గీసినట్టు.

"చూడు, బడిపిల్లల్లా ఎంత పద్ధతిగా వెళ్తున్నారో! ఇక్కడ ట్రాఫిక్ రూలేమో కదూ?" అన్నారు బావగారు.

మేం చూస్తుండగానే ముందున్నవాడు పక్కకి తప్పుకుని వరస చివరికి వచ్చేశాడు. రెండోవాడు ముందుకొచ్చాడు.

"పాపం, ఆయన అలిసిపోయినట్టున్నాడు" అన్నారు.

ఇంతకన్నా సందు దొరుకుతుందా? నోరు తెరిస్తే చాలు. నేను "ఆఁ" అన్నాను. ఆ ఒక్క అక్షరం తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

అల్ ఖోర్

అల్ ఖోర్ సముద్రం ఒడ్డు ఊరు. చేపల పడవలు, మసీదు గోపురాలు, తీరికగా నడిచే మనుషులు. ఊళ్ళోకి వెళ్ళగానే కరక్ టీ కొట్టు కనిపించింది. కరక్ అంటే యాలకులు వేసి, పాలు ఇగిరేదాకా మరిగించిన టీ. ఒక రియాలు. మన డబ్బులోకి మార్చి చూస్తే తణుకు టీ కన్నా ఎక్కువే, కానీ కప్పు నిండుగా ఇస్తారు. అక్కడ కారు దిగరు. కొట్టు ముందు ఆపి హారన్ కొడితే టీ కారు దగ్గరికే వస్తుంది. మేం కూడా కార్ల మధ్య నిలబడి సైకిల్ బెల్లు కొట్టాం. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టాం. పక్క కారులో పిల్లలు పడీపడీ నవ్వారు. చివరికి లోపలికి వెళ్ళి తెచ్చుకున్నాం. నేను పంచదార లేకుండా అడిగితే, కొట్టతను నాకు జ్వరమనుకుని బావగారికేసి జాలిగా చూశాడు.

ఆ రాత్రికి బస బావగారి చర్చి స్నేహితుల ఇంట్లో. భీమవరం దంపతులు. ఆవిడ మాకోసం చేపల పులుసు పెట్టింది, మామిడికాయ ముక్కలు వేసి. వాసనకే ప్రాణం లేచొచ్చింది. నేను సంచిలోంచి నా ఓట్స్ పొట్లం తీసి, వేడినీళ్ళు కావాలన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఏమీ అనుకోకమ్మా, వాడికి కడుపులో బాగోలేదు. డాక్టరు ఏదీ ముట్టొద్దన్నారు" అన్నారు బావగారు, కళ్ళార్పకుండా. ఆ తర్వాత నా వంతు పులుసు కూడా తానే వేసుకుని, బాగుంది బాగుందని మూడుసార్లు అన్నారు. అబద్ధం ఆడే మనిషిని ఏనాడూ నేను బావగారిలో చూడలేదు. నాకు సిగ్గేసింది. అయినా ఓట్స్ తిన్నాను.

ఒంటె బొమ్మ బోర్డు

గురువారం గాలి ఇంకా ముదిరింది. సైకిళ్ళ దారి అయిపోయి, రోడ్డు పక్క అంచు మీద తొక్కుతున్నాం. రెండు వైపులా రాళ్ళు, బూడిదరంగు నేల, అక్కడక్కడ తీగకంచెలు వేసిన తోటలు. ఇసుక రోడ్డుమీద పాములా పాకుతోంది. బావగారు మళ్ళీ ముందుకే వెళ్ళారు. ఈసారీ నేను మొహమాటానికైనా అడ్డుపడలేదు.

మధ్యలో పెట్రోలు బంకు దగ్గర ఆగితే నీళ్ళ ట్యాంకరు డ్రైవరు ఒకతను మా మాటలు విని దగ్గరికొచ్చాడు. పేరు సాయన్న. జగిత్యాల దగ్గర పల్లె.

"గిసొంటి గాలిల సైకిలేంది సార్?" అన్నాడు. "క్యాంప్ల ఉన్నప్పుడు సైకిల్ ఇడిసి బండెప్పుడు ఎక్కుదుమా అని సూసినం మేము. మీరు కారు ఇంట్ల వెట్టి సైకిలెక్కిన్రు! మా అవ్వకు చెప్తే నవ్వుతది. ఆమెకు ఖతార్ తెల్వది, దుబాయే అంటది. దుబాయ్ల గుడ సైకిలేనా, గందుకు గంత దూరం పోవుడెందుకు అంటది."

ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే సాయన్న బావగారి మొహం చూశాడు. పెదాలు ఎండి, చెంపలు పాలిపోయి ఉన్నాయి.

"పెద్దసార్ మొఖం సున్నం లెక్కైంది. సైకిల్ ట్యాంకర్ ఎన్క కట్టుకుందాం, రాన్రి. యల్లా అంటే రువైస్ కాడ దించుత."

"వద్దు తమ్ముడూ, కాళ్ళమీదే వెళ్ళాలి. చర్చిలో అందరికీ చెప్పేశాను" అన్నారు బావగారు. అని నాకేసి చూశారు. "ఏమోయ్ చిన్నా, నావల్ల అవుతుందంటావా?"

"ఎందుకవదు బావగారూ, ఇంకెంత!" అన్నాను. నా కాళ్ళు అప్పుడే మంచం దిగినట్టు తాజాగా ఉన్నాయి.

అక్కణ్ణుంచి ఎంతసేపు పట్టిందో సరిగ్గా గుర్తులేదు. ఆయన వేగం తగ్గుతూ వచ్చింది. వీపు వంగిపోయింది. సైకిల్ అటూ ఇటూ తూలుతోంది. "ఒంటెలు దాటును, జాగ్రత్త" అన్నట్టు ఒంటె బొమ్మ వేసిన బోర్డు ఒకటి వచ్చింది. ఆ స్తంభాన్ని పట్టుకుని ఆగిపోయారు. చేతులు వణుకుతున్నాయి. నేను గబగబా గ్లూకోజు కలిపి తాగించాను. అందులో నాకేమీ వంక పెట్టలేరు. ఆ పని బాగానే చేశాను.

ఊపిరి కుదుటపడ్డాక ఆయన అక్కకి ఫోన్ చేసి కారు తీసుకురమ్మన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు.

"సారీరా చిన్నా. నీ ట్రిప్పు పాడుచేశాను. నువ్వెంత హాయిగా తొక్కుతున్నావో వెనక్కి తిరిగినప్పుడల్లా చూశాను. నేను ఒక్కడిగా ఎంత తొక్కినా ఏం లాభం? వయసైపోయింది. ఈ ఒళ్ళు ఇంతే."

అప్పుడు చెప్పాలి. బోర్డు కింద, అప్పుడే చెప్పాలి. "అలా కాదు బావగారూ, మీరు ఇద్దరి గాలిని మోశారు" అనాలి. గొంతుదాకా వచ్చింది. చెబితే రెండు రోజులూ నేనేం చేశానో కూడా చెప్పాలిగా. మింగేశాను.

"నువ్వెళ్ళు, నీ శిక్షణ ఆపకు. కరుణ వచ్చేస్తుంది" అన్నారు.

వెళ్ళాను. ఆయన్ని స్తంభం దగ్గర వదిలేసి, దాచుకున్న కాళ్ళతో, పూర్తి బలంతో తొక్కాను. మీరు యాప్‌లో చూసి చప్పట్లు కొట్టిన వేగం అదే.

రువైస్

రువైస్ దేశానికి ఉత్తరపు చివర. చిన్న రేవు, చెక్క పడవలు, వలలు ఆరబెట్టిన గట్టు. నేల అక్కడితో అయిపోతుంది. నేను నీళ్ళ ముందు సైకిల్ నిలబెట్టి ఫోటో తీసుకున్నాను. శాలువాకి కారణమైన ఫోటో అదే.

కాసేపటికి అక్క కారులో బావగారు వచ్చారు. సైకిల్ వెనక పడుకోబెట్టి ఉంది. కారు దిగీ దిగగానే ఆయన, గట్టుమీద వల బాగుచేసుకుంటున్న ముసలాయనకి నన్ను చూపించి హిందీలో, "మా బావమరిది! ఇంత గాలిలో తొక్కుకుంటూ వచ్చాడు" అని చెప్పారు. ముసలాయన లేచి నాకు చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి ఎలా వదిలించుకోవాలో తెలియలేదు.

సముద్రం చూడమని నన్నే ముందుకి తోశారు బావగారు. తాను మాత్రం కారు దగ్గరే ఉండిపోయారు. "సొంత కాళ్ళమీద రాలేదుగా, నేను తర్వాతెప్పుడన్నా చూస్తాలే" అన్నారు. ఇంత దూరం వచ్చి ఆయన ఆ నీళ్ళవైపు చూడలేదు.

తిరుగుదారిలో కారులోనే ఎవరికో ఫోన్ చేసి, సైకిల్ కావాలన్నారుగా, వచ్చే వారం వచ్చి తీసుకెళ్ళండని చెప్పారు. అక్క అద్దంలోంచి నావైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

శుక్రవారం ఆరాధన

ఖతార్‌లో సెలవు శుక్రవారం. అందుకని ఆదివారం ఆరాధన కూడా శుక్రవారమే. అది జరిగేది తెలుగువాళ్ళంతా కలిసే హాల్లో. గోదావరి యాసలో పాటలు, పక్కసీట్లో అత్తరు వాసన, బయట చెప్పుల కుప్ప. కళ్ళు మూసుకుంటే తణుకులో ఉన్నట్టే ఉంది. ఆరాధన చివర్లో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ సాక్ష్యంగా చెప్పుకునే వేళ బావగారు లేచారు.

నా పక్కనుంచి లేచి ముందుకు వెళ్తుంటే ఏం చెబుతారో నాకు తెలిసిపోయింది. కూర్చున్న కుర్చీ గట్టిగా పట్టుకున్నాను.

"రువైస్ దాకా తొక్కుతానని మీ అందరి ముందూ చెప్పాను" అన్నారాయన. "గర్వపడ్డాను. దేవుడు నన్ను తగ్గించాడు. నా బలం ఎంతో నాకు చూపించాడు. అయినా మమ్మల్ని క్షేమంగా తెచ్చాడు. ముఖ్యంగా మా బావమరిది కోసం దేవునికి స్తోత్రం. రెండు రోజులు నా వెనకే ఉన్నాడు. ఎంత నెమ్మదిగా వెళ్ళినా ఒక్కసారి కూడా నన్ను దాటి వెళ్ళలేదు. అంత ఓపిక నేను ఎవరిలోనూ చూడలేదు."

"స్తోత్రం" అంది హాలంతా. నాలుగు వరసల ముందు కూర్చున్న ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి నన్ను చూసి తలూపింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అబద్ధం ఒక్కటి కూడా లేదు ఆయన చెప్పినదాంట్లో. అన్నీ నేను చేసినవే. ఆ మాటలే సైకిల్ సంగతి తెలిసినవాళ్ళు వినుంటే నా మొహాన ఉమ్మేసేవారు.

ఆ సాయంత్రం అక్క గిన్నెలు తోముతుంటే వెళ్ళి నిలబడ్డాను. "రేపు మమ్మల్ని ఆ ఒంటె బొమ్మ దగ్గర దింపుతావా? ఆయన ఆగిన చోటునుంచి ఇద్దరం తొక్కుతాం" అన్నాను.

"ఆయన రారురా."

"నువ్వడిగితే వస్తారు. ఒక్కసారి అడుగు."

అక్క చేతులు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది. "ఏం చేశావురా?" అంది. చిన్నప్పుడు కిటికీ అద్దం పగిలినప్పుడు అడిగిన గొంతు అదే. నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళి బావగారిని ఒప్పించింది.

ఒంటె బొమ్మ నుంచి

శనివారం గాలి ఏమాత్రం తగ్గలేదు. కారు తలుపు తెరిస్తే విరిగిపోతుందేమో అన్నట్టు లాగింది. అక్క మమ్మల్ని బోర్డు దగ్గర దింపి, భోజనం గిన్నెలతో రువైస్‌కి ముందే వెళ్ళిపోయింది. బావగారు బలవంతాన సైకిలెక్కారు.

"ఇవాళ నేను ముందుంటాను" అన్నాను. "మీరు నా వెనక చక్రానికి జానెడు దూరంలో ఉండండి. పక్కకి రాకండి."

"దారి నీకు తెలీదుగా."

"ఒకటే దారి బావగారూ."

బయల్దేరాం. మొట్టమొదటిసారి ఆ గాలి నాకు పూర్తిగా తగిలింది. అమ్మో! చెవుల్లో హోరు, పళ్ళ మధ్య ఇసుక, తొడలు భగభగ. బావగారు రెండు రోజులు దీన్నా మోసింది? షుగరు మనిషి, యాభై దాటిన మనిషి! నా తూకాలూ నా ఓట్సూ ఎక్కడికి పోయాయో తెలియలేదు. ఆయన రాగలిగే వేగం పట్టుకుని తొక్కుతూ పోయాను.

కొంత దూరం పోయాక వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. తేలిగ్గా, రొప్పు లేకుండా.

"ఏమోయ్ చిన్నా, ఇవాళ గాలి లేదేంటోయ్?"

నేను తల ఇంకా వంచి తొక్కాను.

"నిజంగానేనోయ్. కాళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి. ఆ ముళ్ళచెట్లు చూస్తే అలా వంగిపోతున్నాయి, ఇక్కడేమో..." అంటూ నాతో మాట్లాడ్డానికి పక్కకి వచ్చారు. "అబ్బా!" అన్నారు. సైకిల్ ఒక్కసారిగా వెనకబడింది. మళ్ళీ నా వెనక్కి చేరారు. కాసేపాగి రెండో పక్కనుంచి బయటికి వచ్చారు. మళ్ళీ వెనక్కి.

ఈసారి నా వెనకే ఉండి అడిగారు.

"నీకు తెలుసా ఇది?"

"తెలుసు బావగారూ."

"గురువారం కూడానా?"

"గురువారం కూడా. బుధవారం కూడా."

సైకిల్ మీద ముందున్నవాడికి వెనకవాడి మొహం కనిపించదు. రెండు రోజులు నేను దాక్కున్నది అలాగే. ఇప్పుడు ఆయన మొహం నాకు కనబడలేదు. తిడతారనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, సగం గాలికి, సగం కాదు. "తప్పు చేశాను బావగారూ" అన్నాను. గాలికి వినబడిందో లేదోనని మళ్ళీ అరిచాను.

"వినబడిందిలే" అన్నారు.

ఇంకొంత దూరం గడిచాక నెమ్మదిగా అన్నారు. "నువ్వు చెప్పినా నేనే ముందుండేవాణ్ణోయ్. చుట్టానివి కదా. కాకపోతే, ఎందుకు అలిసిపోతున్నానో నాకు తెలిసేది."

నా కాళ్ళు నెమ్మదించాయి.

"ఆగకు. ఇదే స్పీడులో లాగు" అన్నారు.

రేవు కనబడ్డాక నేను పక్కకి తప్పుకున్నాను. ఆయన నన్ను దాటి ముందుకి వెళ్ళారు, గాలిని ఛాతీమీద కాసుకుంటూ, నేల చివరిదాకా. దిగి, సైకిల్ పడుకోబెట్టి, గట్టు అంచున నిలబడి, ఆ నీళ్ళకేసి చాలాసేపు చూశారు. నేను దగ్గరికి వెళ్ళడానికి ముఖం చెల్లక కారు దగ్గరే ఉండిపోయాను.

ఆయన తిరిగొచ్చేసరికి అక్క కారు వెనక తలుపెత్తి గిన్నెలు పరుస్తోంది. చున్నీ ఎగిరి మాటిమాటికీ మొహాన్ని కప్పేస్తోంది. పలావు మీద కప్పిన రేకు కాగితం ఎగిరి సముద్రంలోకి పోయింది.

"సైకిల్ కావాలన్నాయన ఇందాక ఫోన్ చేశాడండీ. ఏం చెప్పమంటారు?" అంది.

"ఇవ్వనని చెప్పు."

అక్క చున్నీ లాక్కుని ఆయన మొహం చూసింది, తర్వాత నా మొహం చూసింది. "ఇంత గాలిలో ఎలా వచ్చారండీ? మొన్న రాలేకపోయారుగా?"

నేను తల దించుకున్నాను. ఇప్పుడు చెబుతారు, చెప్పాలి కూడా అనుకున్నాను.

"గాలా?" అన్నారు బావగారు. "పెద్దగా ఏం లేదు కరుణా. మొన్నే ఎక్కువుంది."

అక్క నా ప్లేటు నిండా పలావు పెట్టింది. తూచకుండా అంతా తిన్నాను.